ఎవరి మాట వినే మనిషి?

(జావేద్ ఆబిదీ స్మృతిలో హైదరాబాద్‌లో చేసిన ఉపన్యాసానికి అచ్చు పాఠం)

చక్రాల కుర్చీల్లో, చేతికర్రలతో, తెల్లకర్రలతో వచ్చిన మిత్రులకు, వారి పక్కన కూర్చున్న సహాయకులకు నమస్కారం. సభ మొదట్లో సహాయకులను విడిగా పలకరించే ఆనవాయితీ మనకు లేదు. ఇవాళ్టి మాటలు వారి గురించి కూడా కనుక నేను మొదలుపెడుతున్నాను.

జావేద్ ఆబిదీ 1965లో అలీగఢ్‌లో పుట్టారు. వెన్నెముక సరిగా మూసుకోని స్పైనా బిఫిడా పుట్టుకతోనే ఉంది. అమెరికాలో జర్నలిజం చదివి తిరిగొచ్చి, ఈ దేశంలో వికలాంగుల ఉద్యమానికి ముందువరస మనిషయ్యారు. 1995 డిసెంబరులో, పార్లమెంటు శీతాకాల సమావేశాలు ముగియబోతుండగా, ఆయనా ఆయన సహచరులూ ఢిల్లీ వీధుల్లోకి వచ్చారు. నానుతూ వచ్చిన వికలాంగుల బిల్లు ఆ సమావేశాల్లోనే గట్టెక్కింది. 2001 జనగణనలో వికలాంగుల లెక్క చేరడానికీ ఆయన పోరు ఒక కారణం. 2018 మార్చి 4న కన్నుమూశారు.

ఆయన స్మృతిలో మాట్లాడమన్నప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది విమానాల కేసు. ఆ రోజుల్లో నడవలేని మనిషి విమానం ఎక్కాలంటే తోటి మనుషులు ఎత్తుకుని మెట్లెక్కించాల్సిందే. ఇరుకు నడవలో పట్టే కుర్చీ కావాలని, విమానం తలుపు దాకా లేపే యాంబులిఫ్ట్ కావాలని ఆబిదీ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1998 డిసెంబరులో తీర్పు వచ్చింది. 80 శాతం, ఆపైన కదలిక వైకల్యం ఉన్నవారికి ఇండియన్ ఎయిర్‌లైన్స్ టికెట్‌లో సగం రాయితీ ఆ తీర్పుతోనే వచ్చింది. రాయితీ సంగతి చాలామందికి గుర్తుంది. నన్ను ఎవరు ఎత్తాలి, ఎలా ఎత్తాలి అన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లిందన్న సంగతి అంతగా గుర్తులేదు. ఆ ప్రశ్ననే ఇవాళ విమానాశ్రయం నుంచి ఇంట్లోకి తీసుకొస్తున్నాను.

నా మెడ ఎముక రోడ్డు ప్రమాదంలో విరిగింది. చేతులు కొంత లేస్తాయి, వేళ్లు పట్టుకోవు. పొద్దున మంచం దిగడానికీ రాత్రి మంచం ఎక్కడానికీ మరో మనిషి చేతులు కావాలి. అందుకని ఇవాళ్టి విషయం నాకు పుస్తకాల్లోంచి వచ్చింది కాదు. మనకు తగిన సహాయకురాలిని, సహాయకుణ్ని ఎలా ఎంచుకోవాలి? అసలు ఎంచుకోవాల్సింది ఎవరు?

ఏజెన్సీకి ఫోన్ చేస్తే

మన ఊళ్లలో ఈ పనికి మనిషి ఎలా దొరుకుతున్నారో చూద్దాం. ముందు చుట్టాల్లో వెతుకుతాం. పెళ్లి కాని పిన్ని, భర్త పోయిన మేనత్త, చదువు మానేసిన దూరపు పిల్ల. ఎవరూ కుదరకపోతే ఏజెన్సీ. ఫోన్ చేయగానే అవతలి గొంతు అడిగే ప్రశ్నలు ఏ ఊళ్లోనైనా దాదాపు ఇవే: "పేషెంట్ ఆడా, మగా అండి? వెయిట్ ఎంత? డైపరా, బాత్రూమ్‌కి తీసుకెళ్లాలా? పన్నెండు గంటలా, ఇరవై నాలుగు గంటలా? వంట కూడా చూడాలా?" ఫోన్ చేసింది కొడుకైతే జవాబులూ కొడుకే చెబుతాడు. రిజిస్ట్రేషన్ ఫీజు, అడ్వాన్సు కట్టాక ఓ పొద్దున శ్రీకాకుళం నుంచో ఒడిశా నుంచో వచ్చిన అమ్మాయి సంచీతో గుమ్మంలో నిలబడుతుంది. ఈ ఇంటి గురించి ఆమెకు తెలిసింది బరువూ డైపరూ. ఆమె గురించి ఈ ఇంటికి తెలిసింది ఆధార్ జిరాక్సు. కుదరకపోతే "రీప్లేస్‌మెంట్ ఇస్తామండి" అంటారు. మనిషి మారుతుంది, ఎంచిన పద్ధతి మాత్రం అలాగే ఉంటుంది.

ఇంట్లోవాళ్ల కోరికలు కూడా వినండి. నమ్మకంగా ఉండాలి, ఎదురు చెప్పకూడదు, ఫోన్ చూస్తూ కూర్చోకూడదు, వీలైతే నాలుగు గిన్నెలు కూడా కడగాలి. వీటిలో తప్పుపట్టాల్సింది పెద్దగా లేదు. కానీ ఇవన్నీ హాల్లో కూర్చున్నవాళ్ల ప్రశ్నలు. మంచం మీద ఉన్న మనిషి ప్రశ్నలు వేరు. నీళ్లు ఎంత వేడిగా పోస్తుంది? నా మాట నెమ్మదిగా వస్తుంది, పూర్తయ్యేదాకా ఆగుతుందా? రాత్రి రెండింటికి పక్కకి తిప్పమంటే విసుక్కుంటుందా? బట్ట మార్చేటప్పుడు తలుపు వేస్తుందా?

ఆడవాళ్ల విషయంలో ఈ తేడా మరీ పచ్చిగా కనిపిస్తుంది. చూసుకునే మనిషికి సులువని జుట్టు పొట్టిగా కత్తిరించేస్తారు. చీర, పంజాబీ డ్రెస్ పోయి పగలూ రాత్రీ నైటీయే ఒంటిమీద ఉంటుంది. సాయంత్రం తర్వాత బాత్రూమ్ ఇబ్బందని మధ్యాహ్నం నుంచే మంచినీళ్లు తగ్గించేస్తారు. ఈ నిర్ణయాల్లో ఒక్కదానికైనా ఆ ఆడమనిషిని అడిగి ఉండరు. ఎవరికీ చెడ్డ ఉద్దేశం ఉండదు. జీతం ఇచ్చేది ఒకరు, సాయం అందుకునేది మరొకరు అయినప్పుడు పని జీతం ఇచ్చేవారి వైపే ఒరుగుతుంది.

అందుకే నేను చెప్పదలచిన మాట ఇది. పనికి వచ్చిన మనిషి జీతం ఇచ్చేవారి మాట వింటుంది, అది లోకరీతి. ఆమె చేతులు ఎవరి ఒంటిమీద పనిచేస్తున్నాయో వారి మాట వినేలా కుదుర్చుకోవడమే ఎంపిక. ఓర్పు, శుభ్రత, అనుభవం అన్నీ అవసరమే. అవన్నీ దాని తర్వాత.

బెర్క్‌లీ, స్టాక్‌హోమ్

ఈ ఆలోచన గాల్లోంచి ఊడిపడలేదు. ఎడ్ రాబర్ట్స్ అనే అమెరికన్ కుర్రాడికి పద్నాలుగేళ్ల వయసులో పోలియో వచ్చి మెడ కింద ఒళ్లంతా చచ్చుబడింది. ఊపిరి కోసం రాత్రిళ్లు ఇనప పెట్టెలాంటి యంత్రంలో పడుకునేవాడు. 1962లో బెర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరితే ఆ యంత్రం పట్టే హాస్టల్ గది దొరకలేదు. క్యాంపస్ ఆసుపత్రిలో ఒక గది ఇచ్చారు. మొదటి సహాయకుడు సొంత తమ్ముడే. తర్వాత అదే వార్డుకు మరికొందరు వికలాంగ విద్యార్థులు చేరారు. సహాయకులను తామే వెతుక్కోవడం, తామే పని నేర్పడం, కుదరకపోతే తామే మాన్పించడం అక్కడ అలవాటయింది. 1972లో వాళ్లంతా కలిసి పెట్టిన సెంటర్ ఫర్ ఇండిపెండెంట్ లివింగ్ ఆ అలవాటును ఊళ్లోకి తెచ్చింది. ఇంత తీవ్రమైన వైకల్యం ఉన్నవాడు ఉద్యోగానికి పనికిరాడని ఒకప్పుడు చదువు ఖర్చు ఇవ్వడానికి వెనకాడిన రాష్ట్ర పునరావాస శాఖకే 1975లో రాబర్ట్స్ డైరెక్టరయ్యారు.

స్వీడన్‌లో అడాల్ఫ్ రాట్‌స్కా మరో అడుగు వేశారు. ఆయనదీ పోలియోనే. 1980లలో స్టాక్‌హోమ్‌లో స్టిల్ అనే సహకార సంఘం పుట్టింది. సభ్యులంతా సాయం అందుకునేవాళ్లే. ప్రభుత్వం ఇచ్చే డబ్బు సంఘానికి వస్తుంది, లెక్కలూ జీతాల కాగితాలూ సంఘం చూస్తుంది, మనిషిని ఎంచుకోవడం మాత్రం సభ్యుడి పని. ఎవరు పనిచేయాలి, ఏ పని, ఎప్పుడు, ఎక్కడ, ఎలా అన్న అయిదూ తేల్చేది సాయం అందుకునే మనిషేనన్నది రాట్‌స్కా పట్టుపట్టిన సూత్రం. 1994లో అమల్లోకి వచ్చిన స్వీడిష్ చట్టం వ్యక్తిగత సహాయకులను హక్కుగా గుర్తించింది.

మన కాగితాల మీదా ఈ మాట ఉంది. ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను భారత్ 2007 అక్టోబరు 1న ధ్రువీకరించింది. దాని 19వ అధికరణం సమాజంలో అందరితోపాటు బతికే హక్కును, అందుకు కావలసిన వ్యక్తిగత సాయాన్ని చెబుతుంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం అయిదో సెక్షన్‌లోనూ వ్యక్తిగత సాయం మాట ఉంది, వయసునూ ఆడా మగా తేడానూ గమనించి ఇవ్వాలని కూడా ఉంది. ఎక్కువ సాయం అవసరమైనవారు దరఖాస్తు పెట్టుకునే వీలు 38వ సెక్షన్‌లో, సంరక్షకుల భత్యం ప్రస్తావన 24వ సెక్షన్‌లో ఉన్నాయి. ఆ 24వ సెక్షన్‌లోనే ప్రభుత్వ ఆర్థిక స్తోమతకు లోబడి అన్న ముక్కా ఉంది. మన భత్యం ఆ ముక్క దగ్గరే ఆగిపోయింది.

ముందు మన రోజు రాసుకుందాం

ఇక ఆచరణకు వద్దాం. మనిషిని చూడబోయే ముందు మన రోజును మనం చూసుకోవాలి. ఒక కాగితం మీద, రాయలేకపోతే ఫోన్‌లో చెప్పి రికార్డు చేసి, నిద్ర లేచింది మొదలు పడుకునేదాకా ఏ పనికి ఎవరి చేయి కావాలో వరసగా పెట్టాలి. ఇలా చేస్తే చాలామందికి ఇరవై నాలుగు గంటల మనిషి అక్కర్లేదని తేలుతుంది. పొద్దున రెండు గంటలు, సాయంత్రం ఒక గంట చాలేవాళ్లున్నారు. రాత్రి పక్క తిప్పడానికే మనిషి కావలసినవాళ్లున్నారు. ఆఫీసులో మధ్యాహ్నం అరగంట మాత్రం సాయం అవసరమయ్యే ఉద్యోగులున్నారు.

పనులు రెండు కుప్పలుగా విడిపోతాయి. కొన్ని ఎలా చేసినా ఫరవాలేదు. పక్క దుప్పటి ఏ రంగుదైతేనేం. కొన్ని మాత్రం సరిగ్గా జరగకపోతే ప్రాణం మీదికి వస్తుంది. స్పర్శ తెలియనివాళ్లు చక్రాల కుర్చీలో ఉన్నంతసేపూ పావుగంటకో అరగంటకో బరువు మార్చుకోవాలి, మంచం మీద రెండు గంటలకోసారి పక్క తిరగాలన్నది మామూలు లెక్క. రోజుకోసారి తుంటి, వెన్ను అడుగు, మడమలు చూడాలి. మన చామనఛాయ ఒంటిమీద ఎర్రదనం తెలియదు, అందుకని వేలితో తాకి వేడి, గట్టిదనం పసిగట్టాలి. పడక పుండు ఒకసారి లోతుకు దిగితే మానడానికి నెలలు పడుతుంది.

నాలాంటివాళ్లకు ఇంకో గండం ఉంది. ఛాతీ వెనకాల ఆరో పూస దగ్గర గానీ అంతకు పైన గానీ వెన్నుపాము దెబ్బతింటే, మూత్రం గొట్టం మడతపడటంలాంటి చిన్న కారణానికే బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. తల పగిలిపోయేంత నొప్పి, ముఖమంతా చెమటలు. చూసినవాళ్లు కంగారుపడి వెంటనే పడుకోబెడతారు. అదే చేయకూడనిది. కూర్చోబెట్టాలి, బిగుతు బట్టలు వదులు చేయాలి, గొట్టం ఎక్కడ నొక్కుకుందో చూడాలి, తగ్గకపోతే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఈ సంగతి నా దగ్గర పనికి చేరే మనిషికి మొదటి రోజే చెబుతాను, తిరిగి నాకు చెప్పమంటాను. మీ మీ వైకల్యాల్లో ఇలాంటివి ఏవో మీకు తెలుసు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డకు తల వెనక్కి వాల్చి తినిపిస్తే పొలమారుతుంది. చూపు లేనివారిని చేయిపట్టి లాక్కుపోకూడదు, మోచేతి పైన వారే పట్టుకుంటారు, సాయం చేసే మనిషి అరడుగు ముందు నడవాలి. ఈ రెండో కుప్ప చిట్టా మనిషిని చూడకముందే సిద్ధంగా ఉండాలి.

జడ వేయమని చూడండి

మనిషి వచ్చాక ఇంటర్వ్యూ ఎవరు చేయాలి? సాయం అందుకోబోయే మనిషే. పక్కన ఇంట్లోవాళ్లు ఉండొచ్చు, మాట మాత్రం మనది కావాలి. నేను గమనించేది ఒకటుంది. లోపలికి వచ్చిన అమ్మాయి తన మొదటి ప్రశ్న ఎవరిని అడుగుతుంది? నేను ఎదురుగా ఉండగా మా తమ్ముడి వైపు తిరిగి "అమ్మగారు టీ తాగుతారా సార్?" అంటే నాకు సగం సంగతి తెలిసిపోయినట్టే. అలాగని అక్కడికక్కడే పంపేయక్కర్లేదు. "నన్నే అడగమ్మా" అని ఒకసారి చెప్పి చూడాలి. మారిందా, తర్వాతి మాటలోనే తెలుస్తుంది.

రెండోది, చిన్న పని ఒకటి చేయించి చూడటం. నేను జడ వేయమంటాను. "కాస్త వదులుగా వేయమ్మా, వెనక్కి ఆనుకుంటే కుదుళ్లు నొప్పి పుడతాయి" అని చెబుతాను. చేయి తిరిగిన ఒకావిడ గబగబా చిక్కు తీసి, బిగించి అల్లేసి, "ఇట్లా అయితే రెండ్రోజులు ఊడదమ్మా" అంది. నిజంగా చక్కటి జడే. ఇంకో అమ్మాయికి చిక్కు తీయడమే సరిగా రాలేదు. రెండు పాయలు అల్లి ఆగి, "ఇంత వదులు చాలా అమ్మా, ఇంకా వదలనా?" అని అడిగింది. కుర్చీలోకి దించడం, గొట్టం మార్చడం రెండో అమ్మాయికి నేర్పొచ్చు. ఆగి అడగడం మొదటావిడకు నేర్పడం చాలా కష్టం.

ఇందుకే స్వతంత్ర జీవనోద్యమంలో చాలామంది పెద్ద శిక్షణ లేనివాళ్లనే కోరుకున్నారు. ఆసుపత్రి వార్డులో పనిచేసి వచ్చినవాళ్లకు చేయి తిరిగి ఉంటుంది, దాంతోపాటు "మాకు తెలుసమ్మా" అనే మాట కూడా వస్తుంది. అలాగని శిక్షణ వద్దని నేననను. గొంతుకు రంధ్రం పెట్టి గొట్టం వేసినవాళ్లు, వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లు శిక్షణ లేని చేతుల్లో ఉండకూడదు. శిక్షణ మార్గాలు మన దేశంలోనూ ఉన్నాయి. జనరల్ డ్యూటీ అసిస్టెంట్ కోర్సు ఉంది, నేషనల్ ట్రస్ట్ వారి సహయోగి పథకం ఉంది. భారత పునరావాస మండలి, మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం కలిసి తయారుచేసిన ఆరునెలల కోర్సు 2021లో మొదలైంది, అది చదివినవారిని దివ్యాంగ్ మిత్ర అంటారు. మెల్‌బోర్న్‌లో చదువుకునే మన పిల్లల్లో కొందరు ఫీజుల కోసం ఈ పనే చేస్తున్నారు. అక్కడ ఆ పనికి నేర చరిత్ర పరిశీలన, గంటల లెక్కన జీతం ఉన్నాయి. ఇక్కడ అదే పనికి మన ఇంట్లో ఏం ఇస్తున్నామో ఆ పిల్లల తల్లిదండ్రులు ఆలోచించాలి.

పాత ఇంటికి ఫోన్ చేయడం మరవకండి. "మంచిదేనా?" అని అడిగితే అందరూ మంచిదనే అంటారు. "మళ్లీ పెట్టుకుంటారా?" అని అడగండి. పాత ఇంటావిడ బాత్రూమ్ కబుర్లు నవ్వుతూ చెప్పే మనిషి రేపు మన కబుర్లూ ఇంకో ఇంట్లో చెబుతుంది. కుదిరిందనిపిస్తే పూర్తి కూలితో కొద్దిరోజులు చూడాలి. కుర్చీలోకి దించే పద్ధతి ఒకసారి సరిగ్గా వచ్చినప్పుడు ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకుంటే మంచిది. బ్రేకులు వేయడం, ఫుట్‌రెస్ట్ పక్కకు తీయడం, మోకాళ్లు అడ్డుపెట్టడం, చంకల్లో చేతులు వేసి లాగకుండా నడుం దగ్గర పట్టుకోవడం, అన్నీ అందులో ఉంటాయి. తర్వాత వచ్చే మనిషికి అదే పాఠం.

మాట రానివారి ఎంపిక

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుందని తెలుసు. "మా అబ్బాయికి మాట రాదు, తెలివి ఎదగలేదు. వాడేం ఎంచుకుంటాడు?" సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం ఉన్న జాతీయ సంస్థకు పిల్లల్ని తీసుకెళ్లే తల్లిదండ్రులకు నేను చెప్పాల్సిన పనిలేదు. వాడు రోజూ ఎంచుకుంటూనే ఉంటాడు. ఇష్టం లేని ముద్ద ఉమ్మేస్తాడు, నచ్చిన పాటకు ఊగుతాడు, గిట్టని మనిషి చేయి పడితే బిగుసుకుపోతాడు. మాట లేకపోవడమంటే అభిప్రాయం లేకపోవడం కాదు.

అలాంటప్పుడు కాగితాల కంటే ముందు కలిసి గడపడం పెట్టాలి. ఓ సాయంత్రం పార్కుకో, బజారుకో, గుడికో ఇద్దర్నీ పంపి, తల్లో తండ్రో దూరంగా ఉండి చూడాలి. వచ్చిన మనిషి వాడితో మాట్లాడుతుందా, వాడి గురించి మాట్లాడుతుందా? వాడు బెదిరిన చోట ఆగుతుందా, నవ్వించబోతుందా? ఇంటికి వచ్చాక తిండి, నిద్ర మామూలుగా ఉన్నాయా? రెండోసారి ఆ మనిషి గొంతు వినగానే గుమ్మం వైపు చూశాడా, గదిలోకి వెళ్లిపోయాడా? బొమ్మల కార్డులు, ఫోటోలు వాడటం అలవాటున్నవాళ్లకు ఆ మనిషి ఫోటో చూపించి అడగొచ్చు. చెవుడు, గుడ్డితనం రెండూ ఉన్నవారికి అరచేతిలో రాసి మాట్లాడే ఓపిక ఆ మనిషికి ఉందా అన్నదే మొదటి ప్రశ్న.

ఒక్కరి చేతిలోనే పెట్టకండి

తలుపు వేశాక ఏం జరుగుతుందో బయటివాళ్లకు తెలియదు. 2020లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో సెరిబ్రల్ పాల్సీ ఉన్న ఒకావిడ చనిపోయింది. ఏళ్లతరబడి ఒకే సహాయకురాలు, ఇంటికి వచ్చేవాళ్లు లేరు. ఆమె పేము కుర్చీలోంచి కదలకుండానే ఏడాదికి పైగా గడిపిందని దర్యాప్తులో తేలింది. ఆ సహాయకురాలికి జైలుశిక్ష పడింది. అక్కడ ప్రభుత్వ వ్యవస్థ ఉంది, డబ్బు ఉంది, కమిషన్ ఉంది. లేనిదల్లా రెండో జత కళ్లు. తర్వాత సమీక్ష చేసిన రిటైర్డ్ జడ్జి, ఇలాంటి స్థితిలో ఉన్నవారిని ఒక్క సహాయకురాలికే వదిలేయకూడదని సిఫారసు చేశారు.

కాబట్టి వారానికి ఒక్కరోజైనా రెండో మనిషి రావాలి. స్నేహితులు, ఇరుగుపొరుగు చెప్పకుండా వచ్చిపోతుండాలి. మన ఫోన్ మన చేతికందేలా ఉండాలి, ఛార్జింగ్ బాధ్యత ఆమెది కావచ్చు గానీ పాస్‌వర్డ్ మనది. వేళ్లు పనిచేయనివాళ్లం ఫోన్‌పే పిన్ చెప్పక తప్పదు. అలాంటప్పుడు నెల ఖర్చుకు సరిపడా కొద్దిమొత్తం ఉండే వేరే ఖాతా పెట్టుకుని దాని పిన్ ఒక్కటే చెప్పాలి. పోలీస్ స్టేషన్‌లో వెరిఫికేషన్ చేయించడం అవమానమేమీ కాదు, నిజాయితీ గల మనిషికి అది రక్షణ కూడా.

ఏదైనా జరిగితే చట్టం ఏం చెబుతుందో కూడా తెలిసి ఉండాలి. 2016 చట్టంలోని 92వ సెక్షన్ ప్రకారం, తన సంరక్షణలో ఉన్న వికలాంగులకు తెలిసి తిండి, నీళ్లు ఇవ్వకపోవడం నేరం. నలుగురూ చూసే చోట కావాలని అవమానించడం, అవమానించే ఉద్దేశంతో చేయి చేసుకోవడం, వికలాంగ మహిళను, పిల్లలను లొంగదీసుకుని లైంగికంగా వాడుకోవడం, చక్రాల కుర్చీలాంటి ఉపకరణాన్ని పాడుచేయడం కూడా. ఆరు నెలల నుంచి అయిదేళ్ల దాకా జైలు. ఈ సెక్షన్ సహాయకులకే కాదు, ఇంట్లోవాళ్లకూ వర్తిస్తుందని గుర్తుపెట్టుకోండి. మధ్యాహ్నం నుంచి నీళ్లు తగ్గించే ఇళ్ల గురించి ఇందాక చెప్పాను.

ఆమె వైపు నుంచి

ఇప్పటిదాకా మన వైపు నుంచే మాట్లాడాను. అటువైపూ ఒక మనిషి ఉంది. ఇరవై నాలుగు గంటల డ్యూటీ అని ఏజెన్సీలు మామూలుగా అనేస్తాయి. ఇరవై నాలుగు గంటలు పనిచేసే మనిషి లోకంలో లేదు. రాత్రి మూడుసార్లు లేచిన మనిషి పగలు ఎప్పుడు పడుకుంటుంది? సెలవు ఎప్పుడు? ఊళ్లో బిడ్డకు జ్వరమొస్తే వెళ్లొచ్చా? మనం ఇచ్చే డబ్బులో ఏజెన్సీ కమిషన్ పోగా ఆమె చేతికి ఎంత వస్తోంది? ఈ ప్రశ్నలు మనమే ముందు అడిగి, కాగితం మీద రాసుకోవాలి. బరువు మనిషిని రోజూ ఒంటరిగా ఎత్తే సహాయకురాలి నడుం కొన్నేళ్లకే పోతుంది. ట్రాన్స్‌ఫర్ బోర్డు, కుదిరితే లిఫ్ట్ కొనడం ఆమె కోసమే కాదు, మన సొంత క్షేమం కోసం కూడా.

ఇంకో సంగతి కూడా చెప్పి తీరాలి. మన ఇళ్లలో మనిషి గుమ్మం ఎక్కీ ఎక్కకముందే "మీరేవుట్లమ్మా?" అని కులం కనుక్కుంటారు. ఆ తర్వాత గ్లాసు వేరు, కంచం వేరు. మన ఒళ్లు కడిగే చేయి మన గ్లాసు ముట్టుకోకూడదా? వైకల్యం పేరుతో మనల్ని దూరం పెట్టారని ఊరేగింపులు తీసినవాళ్లం, మన వంటింట్లో ఇంకొకరిని దూరం పెట్టే హక్కు మనకెక్కడిది? మన మాట వినే మనిషి కావాలంటే ఆమె మాట వినే యజమాని మనమై ఉండాలి. "ఇలా ఎత్తితే నాకు నొప్పమ్మా" అని ఆమె చెప్పగలగాలి. చెప్పలేని చోట ఎవరూ నిలవరు. వెళ్లిపోయిన మనిషి గురించి "ఈ రోజుల్లో మనుషులు దొరకట్లేదు" అనడం సులువు.

డబ్బు, సంఘం

ఇదంతా డబ్బున్నవాళ్ల మాట అని ఎవరైనా అంటే కాదనలేను. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగులకు నెలకు 6,000 రూపాయలు, మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000 ఇస్తున్నారు. తెలంగాణలో 2023 జులైలో దివ్యాంగుల పింఛను 4,016కు పెరిగింది. ఇవి బతకడానికి ఇచ్చే పింఛన్లు. నగరంలో పగలూ రాత్రీ ఉండే మనిషికి ఏజెన్సీ అడిగేది వీటిలో పెద్దదాన్ని కూడా దాటిపోతుంది. తిండికి, మందులకు ఇచ్చిన డబ్బులోంచి మనిషి జీతం తీయమనడం న్యాయం కాదు. సంరక్షకుల భత్యం విడిగా రావాలి. అది కొడుకు ఖాతాలోకో ఏజెన్సీ ఖాతాలోకో కాకుండా వైకల్య ధ్రువపత్రం ఎవరి పేరున ఉందో వారి ఖాతాలోకి రావాలి. డబ్బు ఎవరి చేతిమీదుగా వెళితే మాట వారిదే చెల్లుతుందని మొదటే చెప్పుకున్నాం.

ప్రభుత్వం కదిలేదాకా చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదు. సంఘాలు పెట్టుకోవడం తెలుగు పల్లెలకు కొత్త కాదు. వెలుగు, ఇందిరా క్రాంతి పథం అనే ప్రభుత్వ పథకాల రోజుల్లో వికలాంగుల స్వయం సహాయక సంఘాలు చాలా ఊళ్లలో ఏర్పడ్డాయి, పొదుపు చేశాయి, అప్పులు తీర్చాయి. స్టాక్‌హోమ్‌లో చేసిన పనిని అలాంటి సంఘాలు ఇక్కడ చేయగలవు. ఒక పట్టణంలోని పదిహేను ఇరవై మంది కలిస్తే సహాయకుల జాబితా ఒకటి తయారవుతుంది. ఒకరికి పొద్దున రెండు గంటలు, ఇంకొకరికి సాయంత్రం గంట కలిపితే ఒక మనిషికి పూర్తి జీతం, వారానికో సెలవు, కమిషన్ లేని ఉద్యోగం కుదురుతుంది. ఎవరి మనిషి ఊరెళ్లినా ఆ రోజుకు ఇంకొకరు దొరుకుతారు. కొత్తవాళ్లకు పాత సభ్యులే నేర్పుతారు. కుదిరిందా లేదా అన్న చివరి మాట మాత్రం ఎవరికి వారిదే.

ఈ సభలో ఉన్న కుటుంబ సభ్యులకు ఒక్క విన్నపం. ఈసారి ఏజెన్సీ ఫోన్ చేసి "పేషెంట్ వెయిట్ ఎంతండి?" అని అడిగితే, ఫోన్ స్పీకర్‌లో పెట్టి సాయం అందుకునే మనిషి ముందు ఉంచండి. మాట రాకపోతే వారి ముఖం చూస్తూ మాట్లాడండి. నాలాంటివాళ్లకు చెప్పేది ఇంకోటి. మొహమాటపడకండి. జీతం ఎవరిచ్చినా ఒళ్లు మనది. మనిషి కావాలని అడగడం ఎంత సహజమో, ఈ మనిషి కావాలి, ఈ మనిషి వద్దు అని చెప్పడమూ అంతే సహజం. జావేద్ ఆబిదీ తనను ఎలా ఎత్తాలో చెప్పడానికి సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. మనం మన హాల్లోనే చెప్పొచ్చు.